ఆసు పోసిన చెయ్యి

మాది పోచంపల్లి దిక్కు పల్లె. పెండ్లయి వచ్చినకాడి నుంచి మేకుల చుట్టు దారం తిప్పుకుంట మా ఆయన మగ్గానికి నేనే ఆసు పోసిన. పక్కిండ్లల్ల పని ఆగినా నన్నే పిలిచేటోళ్లు. మిషన్ వచ్చినంక ఆ పని పోయింది, భుజం నొప్పి మాత్రం ఉండిపోయింది. ఆయన పోయినంక కొడుకు హైదరాబాద్‌ తెచ్చుకున్నడు. మంచిగనే చూసుకుంటడు. మొన్న ఇంటికి ఎవరో వస్తే, "అమ్మ హౌస్‌వైఫే, ఏం పని చెయ్యలే" అన్నడు. కొట్లాడలేదు గని, ఆ రోజు సంది గుబులుగ ఉంది. ఇప్పుడు నేనెవరిని?
- ఒక తల్లి

అమ్మా,
మీవాడు ప్రేమగా అన్నా తప్పే అన్నాడు. ఒక్క చీరకు సుమారు 9,000 సార్లు చెయ్యి అటూ ఇటూ తిప్పితే గానీ ఆసు పూర్తికాదు. చింతకింది మల్లేశంగారు 1999లో ఆసు యంత్రం చేసింది వాళ్లమ్మ లక్ష్మిగారి భుజం నొప్పి చూడలేకే. దానికి ఆమె పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అయితే మీవాడి పొరపాటుకూ ఓ కారణముంది. చీర కూలి మీ ఆయన చేతికే వచ్చేది కదా, మీ పని అందులో కలిసిపోయింది. సర్కారు నయం: 2019-20 చేనేత గణనలో నేతకు అనుబంధ పనులు చేసేవాళ్లని కూడా లెక్కేసి, వాళ్లే 8.48 లక్షలమందని తేల్చింది.

ఇప్పుడు నేనెవరినని అడిగారు. వయసు పైబడినవారికి పదేళ్ల నుంచి ముప్ఫై ఏళ్ల మధ్య రోజులే ఎక్కువ గుర్తొస్తాయని మనస్తత్వ శాస్త్రవేత్తలు చాలాసార్లు గమనించారు. అందుకే మీకు ఆసు అంత దగ్గరగా ఉంది. కానీ గుర్తుండటం ఒక్కటే చాలదు. ఊళ్లో మీరెవరో మీరు చెప్పుకోనక్కర్లేదు, వాడకట్టంతా సాక్ష్యం. ఫ్లాట్‌లో ఆ సాక్షులు లేరు. పోయింది మీరు కాదు, వాళ్లు.

కాబట్టి ఊరికి పోయి మళ్లీ ఆసు పొయ్యమని నేను చెప్పను. ఆ నొప్పి తిరిగి రావాలని ఎవరు కోరుకుంటారు? తోటి ఆడవాళ్లకి ఫోన్ చెయ్యండి, పెళ్లిళ్లకి వెళ్లి నాలుగు రోజులుండి రండి. ఇక్కడ పరిచయమైనవాళ్లకి ఆసు సంగతి చెప్పాలనిపిస్తే చెప్పండి, లేకపోతే మానెయ్యండి. కొత్తగా ఏదైనా మొదలుపెట్టే హక్కు కూడా మీకుంది. గుబులుతో నిద్ర, తిండి తగ్గితే మాత్రం డాక్టరుకి చెప్పండి.

భుజాన్ని వాయిదా వెయ్యకండి. ఫిజియోథెరపీకి మీవాణ్నే వెంటబెట్టుకుని వెళ్లండి. ఏం పని చేసేవారని అక్కడ తప్పకుండా అడుగుతారు. జవాబు మీరే చెప్పండి, వాణ్ని పక్కన కూర్చుని విననివ్వండి.