లండన్ నుంచి పారిస్‌కు ఎంత దూరం? ఎంత సేపు?

దూరాన్ని వేగంతో భాగిస్తే కాలం వస్తుందని హైస్కూల్లోనే నేర్చుకున్నాం. సూత్రంలో తప్పేమీ లేదు. కాని విమానాల టైంటేబుల్ పక్కన పెట్టి చూస్తే లెక్క కుదరదు. కారణమేమిటో లండన్‌లోని హీత్రూ, పారిస్‌లోని చార్లెస్ డిగాల్ విమానాశ్రయాలను తీసుకుని చూద్దాం.

ముందు దూరం. హీత్రూ 51.47 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 0.45 డిగ్రీల పశ్చిమ రేఖాంశం మీద ఉంది. చార్లెస్ డిగాల్ 49.01 ఉత్తరం, 2.55 తూర్పు. అంటే అక్షాంశాల్లో తేడా 2.46 డిగ్రీలు, రేఖాంశాల్లో 3 డిగ్రీలు. అక్షాంశంలో ఒక డిగ్రీకి సుమారు 111.2 కిలోమీటర్లు గనుక ఉత్తర దక్షిణాల దూరం 274 కి.మీ. రేఖాంశాలు ధ్రువాల వైపు పోనుపోను దగ్గరపడతాయి గదా! అందుచేత ఆ 3 డిగ్రీలను 111.2తోనూ, నడిమి అక్షాంశపు కొసైన్ విలువ 0.64తోనూ గుణించాలి. 213 కి.మీ. వస్తుంది. ఇక పైథాగరస్ సిద్ధాంతమే. రెండింటి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే 347 కి.మీ. భూమి గుండ్రనిదే అయినా ఇంత చిన్న దూరానికి ఈ చదును లెక్క చాలు.

జెట్ విమానం గంటకు 800 కి.మీ. పోతుందనుకుంటే 26 నిమిషాల్లో చేరాలి. టైంటేబుల్లో మాత్రం సుమారు 1 గంట 20 నిమిషాలు వేస్తారు. మిగిలిన 54 నిమిషాలు ఏమైనట్టు?

టైంటేబుల్ కాలం ఈ గేటు వదిలింది మొదలు ఆ గేటు చేరేదాకా. రన్‌వే దాకా విమానం నేలమీద మెల్లగా నడవాలి, వరుసలో ఆగాలి. హీత్రూకు ఉన్నవి రెండే రన్‌వేలు. పైకెక్కి పూర్తి వేగం అందుకునేసరికే దిగే వేళవుతుంది. దారి కూడా తిన్నగా ఉండదు. నిర్ణయించిన వాయుమార్గాల వెంట పోయి, ఎదురుగాలికి దిగేలా చుట్టి రావాలి. ఆలస్యాల కోసం కంపెనీలు మరికొన్ని నిమిషాలు కలుపుతాయి. ధాన్యం మార్కెట్‌కు తోలే రైతుకు ఈ లెక్క చెప్పక్కర్లేదు. లారీ నడిచేది అరగంటే, కాటా దగ్గర పూట గడుస్తుంది.

గడియారం ఇంకో చిక్కు పెడుతుంది. పారిస్ లండన్ కంటే ఒక గంట ముందు. ఉదయం 10కి లండన్‌లో బయలుదేరితే అక్కడి టైము 12.20కి దిగుతాం. పారిస్‌లో 10కి బయలుదేరితే లండన్‌లో 10.20కే దిగుతాం! దేశాలు దాటే ప్రయాణంలో టైములు తీసివేసేముందు రెంటినీ ఒకే గడియారానికి మార్చుకోవాలి.

1919 ఆగస్టు 25న ఈ రెండు నగరాల మధ్య రోజువారీ విమాన సర్వీసు మొదలైంది. హీత్రూకు దగ్గరలోని హౌన్స్‌లో హీత్ నుంచి లెబూర్జేకు సుమారు రెండున్నర గంటలు పట్టింది. వేగం ఎన్నో రెట్లు పెరిగింది, కాలం మాత్రం సగమే తగ్గింది.

80 నిమిషాలకు 347 కి.మీ. అంటే సగటున గంటకు 260. 1994లో సముద్రం కింది సొరంగం గుండా మొదలైన యూరోస్టార్ రైలు గరిష్ఠ వేగమే గంటకు 300 కి.మీ. ఊరి నడిబొడ్డు నుంచి ఊరి నడిబొడ్డుకు సుమారు రెండుంబావు గంటల్లో చేరుస్తుంది. విమానాశ్రయానికి పోయిరావడం కలిపితే విమానం గెలిచేది అనుమానమే. పైగా ఎక్కేటప్పుడే విమానం ఇంధనాన్ని జోరుగా తాగుతుంది. దగ్గరి ప్రయాణంలో ఆ ఖర్చంతా కొద్ది కిలోమీటర్ల మీదే పడుతుంది, పొగ కూడా అంతే. రెండున్నర గంటల లోపు రైలు సౌకర్యమున్న కొన్ని దేశీయ మార్గాల్లో ఫ్రాన్స్ 2023లో విమానాలను నిషేధించింది కూడా.

కాబట్టి మిత్రులారా, వాహనం ఎంత వేగంగా పోతుందని అడిగి ఊరుకోవద్దు. మనం గడప దాటింది మొదలు గమ్యం చేరేదాకా ఎంత పట్టిందో లెక్క కట్టాలి. సూత్రం అదే, అందులో వేసే అంకె సరైనదై ఉండాలి.