విద్యార్థులును ఇంటర్నెట్టును

పుస్తకము గల బాలునకును లేని బాలునకును నుండు భేదము మన పెద్దలు బాగుగ నెరిగినదే. నేడు ఇంటర్నెట్టు విషయమున అట్టి భేదమే విద్యార్థులలో నేర్పడినది. దీనిని డిజిటల్ అంతరమని పిలుచుచున్నారు. ఈ అంతరము ఒకచోట పూడ్చగా మరియొకచోట బయలుదేరుచుండును. అది యెట్లో చూతము.

2017-18లో జాతీయ నమూనా సర్వేవారు విచారింపగా, మన దేశమున ఇంటర్నెట్టు సౌకర్యము పల్లెలలో నూటికి 15 ఇండ్లకును, పట్టణములలో 42 ఇండ్లకును మాత్రమే కలదని తేలెను. పల్లెలలో కంప్యూటరుగల యిండ్లు నూటికి అయిదైనను లేవు. ఇట్టి స్థితిలో 2020లో కోవిడ్ వ్యాపించి బడులు మూతపడెను.

అప్పుడు కేరళమువారు జూను 1వ తేదీనుండి టీవీద్వారా పాఠములు చెప్పసాగిరి. తెలంగాణములోను సెప్టెంబరు 1వ తేదీన దూరదర్శన్, టీ-శాట్ ద్వారా పాఠములారంభమయ్యెను. ఇంటర్నెట్టుండగా టీవీ యేలయని కొందరడుగవచ్చును. ఇంటర్నెట్టులో పాఠము చూచు ప్రతి బాలునికిని వేరువేరుగ డేటా వ్యయమగును. టీవీ ప్రసారమో, ఒకరు చూచినను లక్షమంది చూచినను ఒక్కటే. పేదయింటికి ఇది గొప్ప మేలు. అయినను కేరళములో టీవీగాని ఇంటర్నెట్టుగాని లేని విద్యార్థులు సుమారు 2 లక్షల 60 వేలమంది యుండిరి. వారికొరకు గ్రంథాలయములలోను, అంగన్‌వాడీలలోను టీవీలు పెట్టి పాఠములు చూపిరి. లేనివారిని మొదట లెక్కించి, పిమ్మట వారియొద్దకు పోయిన యీ పద్ధతి నాకు మిక్కిలి మెచ్చదగినదిగా తోచుచున్నది. టీవీకి లోపము లేకపోలేదు: సందేహము కలిగినచో దాని నడుగుట కుదరదు.

నేటి స్థితి వేరు. 2024లో జరిగిన అసర్ పరిశీలనలో పల్లెలయందలి 14 మొదలు 16 ఏండ్లలోపు పిల్లలలో నూటికి 89 మంది యిండ్లలో స్మార్టుఫోను కలదని తెలిసినది. అయితే అంతరము పోయినదా? పోలేదు, ఇంటిలోపలికి వచ్చి కూర్చున్నది. ఫోను తండ్రిదైనచో పగలెల్ల ఆయనతో పొలమునకో పనికో పోవును. రాత్రి వచ్చిన పిమ్మట అన్నగారి వంతు; అంట్లు తోమి వచ్చిన చెల్లెలి వంతు వచ్చునప్పటికి దీపములార్పు వేళయగును. ఫోను వాడనేర్చిన పిల్లలలో స్వంత ఫోనుగల బాలురు నూటికి 36 మంది కాగా, బాలికలు 27 మందియే యని ఆ పరిశీలనయే చెప్పుచున్నది. వాడుకయు చూడుడు: ఆ వారములో చదువు నిమిత్తము ఫోను పట్టినవారు 57 మంది, సోషల్ మీడియా నిమిత్తము పట్టినవారు 76 మంది!

అట్లయిన ప్రతి విద్యార్థికిని ఒక పరికరమిచ్చిన చాలునా? ఆంధ్రప్రదేశములో 2022 డిసెంబరున 8వ తరగతివారికి పాఠములు ముందే నింపిన ట్యాబు లిచ్చిరి. ఇంటర్నెట్టు లేని వేళనుగూడ పాఠము తెరచుకొనవచ్చును గనుక ఆ యేర్పాటు వివేకముగలదే. కాని దక్షిణ అమెరికాలోని పెరూ దేశపు అనుభవము మరువరాదు. అచ్చటి పల్లెబడులలో పిల్లలకు చిన్న ల్యాప్‌టాపులు పంచిరి. 2012లో వెలువడిన పరిశోధనలో ఆ పిల్లల గణితమునందును భాషయందును అభివృద్ధి కనబడలేదు. బడులలో పెక్కింటికి ఇంటర్నెట్టు లేదు; యంత్రమును పాఠమునకెట్లు జోడింపవలెనో ఉపాధ్యాయులకు తగిన శిక్షణయు లేదు.

కాబట్టి బడిలోని కంప్యూటరు గదికి నాలుగు గంటలకే తాళము వేయుట తగదని నా యభిప్రాయము. సాయంకాలము ఇంకొక గంట తెరచి, ఒక ఉపాధ్యాయుడు దగ్గర కూర్చుండవలెను. ఇంట ఫోను లేనివారికిని, వంతురాని బాలికలకును మొదటి స్థలమీయవలెను. దూరమునుండి వచ్చు బాలికలకు చీకటిపడు భయముండును గనుక, వారికి ఉదయము బడి ప్రారంభమునకు ముందు గంట కేటాయించుట మేలు. తలిదండ్రులు ఇంటిలో ఫోను వంతులు కాగితముమీద వ్రాసి గోడకంటించి, పరీక్షల నెలలో చెల్లెలి పేరు పైన వ్రాయుదురు గాక.