గుప్పిట్లో బలం – పెరటి షెడ్డులో వ్యాయామశాల

 

ఆరో తరగతి నుంచి పదో తరగతి వరకు ఈ హాస్టల్ అన్నం తిని పెరిగినవాణ్ణి. ఇప్పుడు ఎమ్మెస్సీ భౌతికశాస్త్రం చదువుతున్నాను. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసినవాళ్లలో నేనే మొదటివాణ్ణి. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని సారు అడిగినప్పుడు చదువు గురించి రాద్దామనుకున్నాను. ఆ విషయం మీద రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. అందుకే నేను ఓడిపోయి నేర్చుకున్న ఒక పాఠాన్ని రాస్తున్నాను.

ఐదు దగ్గర జారిపోయాను

2022లో డిగ్రీ చదువుతుండగా సైన్యం ర్యాలీకి వెళ్లాను. పరుగులో నెగ్గాను. తర్వాత బీమ్. అంటే ఇనుప కడ్డీకి వేలాడి, గడ్డం కడ్డీ పైకి వచ్చేదాకా ఒళ్లును లేపడం. ఆరు తీస్తే 16 మార్కులు, ఏడుకు 21, ఎనిమిదికి 27, తొమ్మిదికి 33, పది తీస్తే 40 మార్కులు. ఆరుకన్నా తగ్గితే ఇంటికే.

నేను ఐదు తీశాను. ఆరోదానికి వీపులో శక్తి ఉంది, ఊపిరి ఉంది. కానీ వేళ్లు వాటంతటవే విడిపోయాయి. కింద పడ్డాక అరచేతులు చూసుకుంటే గుప్పిట మూయడానికి కూడా రాలేదు.

మా నాన్న గుంటూరు మిర్చి యార్డులో హమాలీ. రోజంతా మిర్చి టిక్కీలు ఎత్తే మనిషి. ఇంటికొచ్చి జరిగింది చెబితే నా చెయ్యి పట్టుకుని చూసి, "వీపు పెంచావురా అబ్బాయ్, చెయ్యి పెంచలేదు" అన్నాడు. నాలుగేళ్లుగా నేను చేసిన వ్యాయామంలో తప్పేమిటో ఆ ఒక్క మాటతో తెలిసింది.

పట్టు అంటే ఏమిటి?

ఒక చిన్న ప్రయోగం చేయండి. ఎడమ చేత్తో కుడి ముంజేతిని పట్టుకుని, కుడి గుప్పిట మూసి తెరవండి. ముంజేతిలో కండ కదులుతుంది. వేళ్లను ముడిచే ముఖ్యమైన కండరాలు వేళ్లలో లేవు, ముంజేతిలో ఉన్నాయి. అక్కడి నుంచి స్నాయువులనే గట్టి తాళ్లు మణికట్టు గుండా వేళ్ల దాకా వస్తాయి. తోలుబొమ్మను పైనుంచి దారాలతో ఆడించినట్టే.

పట్టు మూడు రకాలని గుర్తుంచుకుంటే చాలు.

1. పిండే పట్టు: తడి దుప్పటి పిండేటప్పుడు, కరచాలనం చేసేటప్పుడు వాడేది.
2. మోసే పట్టు: నీళ్ల బక్కెట్టు మోసేటప్పుడు, కడ్డీకి వేలాడేటప్పుడు వాడేది. బీమ్ మీద నన్ను ఓడించింది ఇదే.
3. చిటికెడు పట్టు: ఇటుకను బొటనవేలికీ మిగతా వేళ్లకూ మధ్య బిగించి ఎత్తేది.

వీటికి తోడు మణికట్టు బలం. ఒకటి పెరిగితే మిగతావి వాటంతటవే పెరగవు. స్ప్రింగ్ గ్రిప్పర్ నొక్కేవాడు ఎక్కువసేపు వేలాడగలడని నమ్మకం లేదు.

పట్టును తేలిగ్గా తీసుకోకండి. 17 దేశాల్లో సుమారు 1 లక్షా 40 వేల మందిని పరిశీలించిన అధ్యయనం ఒకటి 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఆ దేశాల్లో మన దేశం కూడా ఉంది. పట్టు 5 కిలోలు తగ్గిన కొద్దీ మరణించే అవకాశం 16 శాతం ఎక్కువగా కనిపించిందని అందులో తేలింది. అంటే గ్రిప్పర్ నొక్కితే ఆయుష్షు పెరుగుతుందని కాదు. ఒంటి ఆరోగ్యం ఎలా ఉందో పట్టు చెప్పగలదని అర్థం.

మనవాళ్లకు బలం కొత్త కాదు. ఉత్తరాంధ్రలోని వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు గారి పేరు మన తాతలకు కూడా తెలుసు. శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 110, 130 కిలోలు, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమె. అంత బరువును వేళ్లలో నిలపడానికి ఆ ఆటగాళ్లు బొటనవేలిని కడ్డీకి చుట్టి, దానిమీద మిగతా వేళ్లు వేసి బిగిస్తారు. బలానికి కూడా ఒక ఉపాయం ఉందన్నమాట.

ముందు చేసిన తప్పు

నాన్న మాట విన్న మర్నాడే తొందరపడ్డాను. ఇంటి వెనక రేకుల షెడ్డు ఉంది. ఒకప్పుడు గేదెను కట్టేవాళ్లం, తర్వాత పుల్లలు, పాత సామాను వేసేవాళ్లం. దాని అడ్డ దూలానికి తాడు కట్టి వేలాడటం మొదలుపెట్టాను. నేను చేస్తుంటే ఇంటర్ చదివే తమ్ముడూ వచ్చాడు. నాలుగో రోజు వాడు వేలాడుతుండగా దూలం విరిగింది. లోపలంతా చెదలు. పైకి మాత్రం రంగు బాగానే ఉంది.

వాడి మడమ వాచింది. ఎముక విరగలేదు, అదృష్టం. దూలం వాడి తల పక్కన పడింది. అమ్మ ఏమీ అనకుండా షెడ్డుకు తాళం వేసి, తాళంచెవి కొంగున కట్టుకుంది. "ఏం చేస్తావో ముందు కాగితం మీద రాసి మీ నాన్నకు చూపించు. అప్పుడు ఇస్తా" అంది. అమ్మకు చదువు రాదు. అయినా ప్రణాళిక అంటే ఏమిటో నాకు నేర్పింది ఆమే.

కాగితం మీద ప్రణాళిక

మొదట స్థలం కొలిచాను. షెడ్డు 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు. బరువు కడ్డీ 6 అడుగులు ఉంటే అటు 2, ఇటు 2 అడుగుల ఖాళీ కావాలి. అంటే సరిగ్గా 10. కాబట్టి కడ్డీ ఒక్క చోటే, ఒక్క దిశలోనే పెట్టాలి. సామాను గోడ వారగా ఉండాలి.

తర్వాత ఎత్తు. నేను చేతులు పైకెత్తితే 7 అడుగులు దాటుతుంది. కడ్డీ ఏడున్నర అడుగుల ఎత్తున ఉండాలి. తల దానిపైకి లేస్తుంది కాబట్టి కప్పు కనీసం 9 అడుగులు ఉండాలి. మా రేకులు ఒక వైపు 7 అడుగులే. కాగితం మీద ఈ లెక్క వేయగానే బీమ్ షెడ్డులో పనికిరాదని, పెరట్లో నిలపాలని తేలిపోయింది. ముందే లెక్క వేసుంటే తమ్ముడు పడేవాడు కాదు.

మూడోది బలం లెక్క. 60 కిలోల మనిషి కదలకుండా వేలాడితే 60 కిలోల బరువు పడుతుంది. ఊగితే, ఎగిరి పట్టుకుంటే అంతకు రెండింతలు దాకా పడవచ్చు. అందుకని 200 కిలోలకు తట్టుకునేలా కట్టాలని రాసుకున్నాను. రేకులకు, చెక్క దూలానికి, తలుపు చట్రానికి ఎప్పుడూ వేలాడకండి.

పైపు కొనేటప్పుడు తెలియాల్సింది

జి.ఐ. పైపు కొట్లో "ఒక అంగుళం" అంటే బయటి కొలత కాదు. ఒక అంగుళం పైపు బయటి మందం దాదాపు 34 మి.మీ. ఉంటుంది. ముప్పావు అంగుళం పైపు 27 మి.మీ. ఉంటుంది. ఒలింపిక్స్‌లో పురుషుల కడ్డీ 28 మి.మీ., 20 కిలోలు. మహిళలది 25 మి.మీ., 15 కిలోలు. అంటే చేతికి ఒలింపిక్ కడ్డీలా అనిపించేది ముప్పావు అంగుళం పైపే. కానీ బీమ్‌కు అది వంగే ప్రమాదం ఉంది కాబట్టి ఒక అంగుళం తీసుకున్నాను.

పైపు మీద రంగు గీత చూడండి. పసుపు గీత పలుచనిది, నీలం గీత మధ్యరకం, ఎర్ర గీత మందమైనది. వేలాడటానికి నీలానికి తక్కువ వద్దు.

నిలువు స్తంభాలకు పాత ఇనుప సామాన్ల కొట్లో చేతిపంపు పైపులు దొరికాయి. తుప్పు లేనివి నాన్నే ఏరాడు. రెండున్నర అడుగుల గొయ్యి తీసి కాంక్రీటు పోశాం. ఏడు రోజులు నీళ్లు పట్టాం, ఆ వారం ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. పైపు మధ్య దూరం 4 అడుగులు. మొదట నాన్న వేలాడి చూశాడు, తర్వాతే మేము.

బరువులు – లెక్క మీదే

కొన్న బరువులు ఏమీ లేవు. పెయింటర్లు పారేసే డబ్బాలు, ఇసుక, కంకర, సిమెంటు. లీటరు నీళ్లు 1 కిలో. లీటరు పొడి ఇసుక సుమారు 1.6 కిలోలు. లీటరు కాంక్రీటు సుమారు 2.4 కిలోలు. అంటే 10 లీటర్ల ఇసుక 16 కిలోలు, 5 లీటర్ల కాంక్రీటు డబ్బా 12 కిలోలు. ఈ మూడు అంకెలు తెలిస్తే ఏ డబ్బా ఎంతో చెప్పేయవచ్చు. అయినా చివరికి కిరాణా కొట్టు కాటాలో తూచి, డబ్బా మీద రాయండి. కడ్డీకి రెండు వైపులా బరువు సమానంగా లేకపోతే నడుం పట్టేస్తుంది.

మా షెడ్డులో ఉన్నవి ఇవి:

1. ఇసుక బక్కెట్లు రెండు. తీగ పిడి వేళ్లను కోస్తుంది కాబట్టి దానికి పైపు ముక్క తొడిగాం. వీటితో పెరట్లో నడవడమే.
2. గోనె సంచి. లోపల ప్లాస్టిక్ సంచిలో 20 కిలోల ఇసుక. ఎత్తి భుజాన వేసుకోవడానికి.
3. కాంక్రీటు డబ్బాల కడ్డీ. పైపు జారిపోకుండా డబ్బా లోపల అడ్డంగా ఇనుప చువ్వ గుచ్చి పోశాం.
4. ఇటుకలు. ఒక్కోటి దాదాపు 3 కిలోలు. చిటికెడు పట్టుకు ఇంతకన్నా మంచి సామాను లేదు.
5. కర్రకు తాడు, తాడుకు ఇటుక. చేతులు చాచి కర్రను తిప్పుతూ ఇటుకను పైకి చుట్టాలి, మళ్లీ మెల్లగా దించాలి.
6. సుత్తి. పిడి చివర పట్టుకుని నిలువు నుంచి పక్కకు వంచి లేపాలి. మీటరు కర్ర పాఠం గుర్తుందా? దూరం రెట్టింపైతే తిప్పే బలం రెట్టింపు అవుతుంది. అందుకే బరువు మార్చకుండా, పట్టుకునే చోటు మారిస్తే చాలు.
7. పాత సైకిల్ ట్యూబు. పైపుకు చుడితే పైపు లావవుతుంది. లావు పైపు పట్టుకుంటే వేళ్లకు పని ఎక్కువ.

నేల సిమెంటుది, బరువు పడితే పగులుతుంది. అందుకని పశువుల కింద వేసే పాత రబ్బరు మ్యాటు పరిచాం. అన్నీ కలిపి నాకు 2,600 రూపాయలు అయింది. ట్యూషన్ చెప్పిన డబ్బులు.

వారానికి మూడు రోజులు

సోమ, బుధ, శనివారాలు. తెల్లవారుజామునే, ఎందుకంటే వేసవిలో ఎండెక్కితే రేకుల కింద నిలవలేం. మొత్తం 45 నిమిషాలు.

మొదటి 8 నిమిషాలు ఒళ్లు వేడెక్కించడం. తర్వాత గుంజీలు, దండాలు, బీమ్, కడ్డీ ఎత్తడం. పట్టు వ్యాయామాలు చివరే చేయాలి. ముందే వేళ్లు అలిసిపోతే బరువు చేజారి కాలిమీద పడుతుంది.

చివరి 12 నిమిషాల్లో: కడ్డీకి 20 సెకన్లు వేలాడటం మూడుసార్లు. వారానికి 5 సెకన్లు పెంచుతూ 60కి రావాలి. తర్వాత తువ్వాలు కడ్డీమీద వేసి దాన్ని పట్టుకుని వేలాడాలి. బక్కెట్లతో 40 అడుగుల నడక నాలుగుసార్లు. సోమవారం ఇటుకలు, బుధవారం తాడు కర్ర, శనివారం సుత్తి. ఆఖరున వేళ్లకు రబ్బరు బ్యాండు వేసి తెరవడం 20 సార్లు. మూసే కండరాలకే కాదు, తెరిచే కండరాలకూ పని కావాలి.

జాగ్రత్తలు

కండ త్వరగా బలపడుతుంది, స్నాయువు నెమ్మదిగా బలపడుతుంది. అందుకే మొదటి రెండు నెలలు ఉత్సాహం ఎక్కువై మోచేతి నొప్పి తెచ్చుకుంటారు. మోచేతి లోపలి వైపు, బయటి వైపు నొప్పి మొదలైతే వెంటనే తగ్గించండి. రోజూ పట్టు వ్యాయామం వద్దు. హైస్కూలు తమ్ముళ్లు ఒంటి బరువుతో చేసేవి చాలు, పెద్ద బరువుల జోలికి పోవద్దు. ఒక్కరే ఉన్నప్పుడు కడ్డీ ఎత్తవద్దు. బరువు లేపుతూ ఊపిరి బిగపట్టవద్దు. పొడులు, డబ్బాలు అక్కర్లేదు. హాస్టల్లో పెట్టే గుడ్డు, పప్పు, పల్లీచిక్కీ వదలకుండా తినండి.

చివరి మాట

నాకు వయసు దాటిపోయింది, మళ్లీ ర్యాలీకి వెళ్లలేదు. కానీ మా తమ్ముడు ఇప్పుడు బీమ్ మీద తొమ్మిది తీస్తున్నాడు. నాన్నకు మాత్రం రాత్రిళ్లు వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయిందని డాక్టరు గారు చెప్పారు. ఇరవై ఏళ్లు మూటలెత్తిన చేతులవి. మేము వారానికి మూడు రోజులు లెక్కపెట్టుకుని ఎత్తుతాం, మధ్యలో విశ్రాంతి తీసుకుంటాం. ఆయనకు ఆ విశ్రాంతి ఎవరూ ఇవ్వలేదు. వ్యాయామానికీ చాకిరీకీ ఉన్న తేడా మా ఇంట్లోనే చూశాను. చేతిలో బలం ఉండాలి తమ్ముళ్లూ, కానీ ఆ చేతిని అరగదీసుకుంటేనే ఇల్లు గడిచే పరిస్థితి మీకు రాకూడదు. అందుకే పుస్తకం కూడా అంతే గట్టిగా పట్టుకోండి.

మన హాస్టల్ వెనక పాత వంటషెడ్డు ఖాళీగా ఉంది. ఒకప్పుడు బోరు దగ్గర నుంచి అక్కడికే బక్కెట్లు మోసేవాళ్లం. వార్డెన్ గారు అనుమతిస్తే, పూర్వ విద్యార్థులం తలా కొంత వేసుకుంటే, ఒక బీమ్, నాలుగు బక్కెట్లు పెట్టడం పెద్ద పని కాదు. కొలతల కాగితం నా దగ్గర ఉంది. ఆదివారం వచ్చి గొయ్యి తీయడానికి నేను సిద్ధం. దూలం మాత్రం ముందు తట్టి చూద్దాం.

– మీ అన్న, పూర్వ విద్యార్థి, ఎమ్మెస్సీ (భౌతికశాస్త్రం)