శీలావతి బరువు: వంశమెంత? పెంపకమెంత?

గుడివాడ ప్రాంతపు చేపల చెరువులలో శీలావతియే ప్రధానమైన పంట. ఒకే రోజున వదలిన పిల్లలలో పట్టుబడినాటికి ఒకటి ముప్పాతిక కిలో, మరొకటి కిలోన్నర తూగుట రైతులు ఎరిగినదే. ఆ పెద్దచేపను తల్లిచేపగా ఉంచినచో పిల్లలన్నియు దానియంత అగునా? కావు. కారణమేమో విత్తనము కొను ప్రతి రైతు తెలిసికొనవలెను.

చేప బరువు కొంత తలిదండ్రుల వంశము వలన, కొంత పెంపకము వలన ఏర్పడును. చిల్లులు పొడిచిన తవుడు సంచి వద్దకు ముందుగా చేరిన చేప ఎక్కువ తినును. పిల్ల వయస్సు, నీటిలోని ప్రాణవాయువు, రోగము కూడ బరువును మార్చును. ఒక మందలో కనబడు బరువు తేడాలలో వంశము వలన కలిగిన భాగమును ‘అనువంశికత’ అందురు. పరిశోధనలలో శీలావతికి ఇది సుమారు నాలుగింట ఒక వంతని తేలినది.

ఒక లెక్క చూడుడు. చెరువు సగటు 1 కిలో అనుకొందము. కిలోన్నర తూగు ఆడ, మగ చేపలను ఏరితిమి. అవి సగటు కంటె 500 గ్రాములు హెచ్చు. అందులో నాలుగవ వంతు, అనగా 125 గ్రాములు, సంతతికి దక్కును. అదే పెంపకములో పిల్లల సగటు సుమారు 1,125 గ్రాములగును.

ఇది స్వల్పమే అయినను తరతరమునకు కూడుచు పోవును. భువనేశ్వర్ వద్ద కౌసల్యాగంగలోని కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ, నార్వే శాస్త్రజ్ఞుల సహకారముతో 1992లో ఈ కృషి ఆరంభించెను. గంగ, యమున, గోమతి, సట్లెజ్, బ్రహ్మపుత్ర నదుల శీలావతిని సేకరించిరి. ప్రతి కుటుంబపు పిల్లలకు గుర్తులు పెట్టి, కలిపి పెంచి, పెరుగుదలను పోల్చిరి. అట్లు ఏర్పడిన రకమునకు 1997లో, స్వాతంత్ర్య స్వర్ణోత్సవ సందర్భమున, ‘జయంతి’ అని పేరిడిరి. తరమునకు సగటున సుమారు 17 శాతము పెరుగుదల హెచ్చినది.

రైతులు గమనింపవలసినవి:

1. పెద్దచేపలను అమ్మి, మిగిలిన చిన్నవాటిని తల్లిచేపలుగా ఉంచరాదు. పై లెక్కయే తలక్రిందులై తరతరమునకు బరువు తగ్గును.

2. ఒకే చెరువులోని పెద్దచేపలు ఒకే తల్లి పిల్లలు కావచ్చును. వాటిని జతకూర్చినచో సంతతి బలహీనపడును.

3. తల్లిచేపలు ఎచటివో, ఎప్పుడు మార్చిరో హేచరీలో అడిగి విత్తనము కొనవలెను.

4. రెండు రకముల విత్తనమును పోల్చదలచినచో, ఒకే వయస్సు, ఒకే పరిమాణము గల పిల్లలకు గుర్తుపెట్టి ఒకే చెరువులో వదలవలెను. వేరు చెరువులలో పెంచినచో తేడా విత్తనముదో, మేతదో తెలియదు.

మంచి విత్తనమునకు మంచి మేత తోడైననే బరువు వచ్చును. మేత వలన వచ్చిన బరువు ఆ పంటతో సరి. వంశము వలన వచ్చినది మరుసటి తరమునకు అందును.