నేల, నొసటిరాత, నవల

పంట పోయినప్పుడు, ఇంటాయన తాగి పడిపోయినప్పుడు, పిల్ల బడి మానేసినప్పుడు మన విచారణలలో తరచుగా వినిపించే మాట ఒకటుంది: "మా రాతే అంత ఫాదర్." ఆ రాత రాసింది ఎవరు అని అడిగితే మాత్రం జవాబు రాదు.

సుమారు నూటయాభై ఏళ్ల కిందట ఐరోపాలో కొందరు రచయితలు ఈ ప్రశ్నే వేసుకున్నారు. రాత నొసటి మీద లేదు, మనిషి పుట్టిన ఇంట్లో ఉంది, పనిచేసే చోట ఉంది, తల్లిదండ్రుల రక్తంలో ఉంది అన్నారు. సాహిత్యంలో ఈ ధోరణిని నేచురలిజం అంటారు, తెలుగులో ప్రకృతివాదం. పేరు చూసి చెట్లు, సెలయేళ్ల వర్ణన అనుకోకండి. మురికివాడ, సారాకొట్టు, బొగ్గుగని, ఇవే ఇందులోని ప్రకృతి.

ఈ వాదానికి పెద్దదిక్కు ఫ్రెంచి రచయిత ఎమిల్ జోలా (1840-1902). క్లోద్ బెర్నార్ అనే శాస్త్రజ్ఞుడు ప్రయోగాత్మక వైద్యం గురించి 1865లో రాసిన గ్రంథం ఆయనకు ఆధారం. వైద్యుడు రోగిని పరిశీలించినట్లే రచయిత మనిషిని పరిశీలించాలని, ఒక స్వభావాన్ని ఒక పరిసరంలో పెట్టి ఏమవుతుందో చూడాలని ఆయన సిద్ధాంతం. ఒకే కుటుంబం కథను 1871 నుండి 1893 వరకు ఇరవై నవలలుగా రాశారు. వాటిలో 1877లో వచ్చిన 'లాసొమ్వార్' మన ఇళ్లకు చాలా దగ్గరది. జెర్వేజ్ పారిస్ పేటలో బట్టలు ఉతికే స్త్రీ, కష్టజీవి. భర్త కూపో ఇంటి కప్పులు వేసే పనివాడు, మొదట్లో మద్యం ముట్టడు. ఒకరోజు కప్పు మీద నుండి పడి కాలు విరుగుతుంది. నెలల తరబడి ఇంట్లో ఖాళీగా కూర్చున్న మనిషి సారాకొట్టు దారి పడతాడు. చాకిరేవు దుకాణం పోతుంది, చివరికి జెర్వేజ్ కూడా గ్లాసు పడుతుంది. మెట్ల కింద గూటిలో ఆమె చనిపోయిన సంగతి ఇరుగుపొరుగుకు వాసన వచ్చాక గాని తెలియదు.

ఆనాటి శ్రీసభ జోలా గ్రంథాలన్నిటినీ నిషిద్ధ గ్రంథాల పట్టికలో చేర్చింది. ఆ పట్టిక 1966లో రద్దయింది. పుస్తకాన్ని నిషేధించడం వల్ల పెద్దగా ఒరిగిందేమీ లేదని నా అభిప్రాయం. అయితే శ్రీసభ లేవనెత్తిన అభ్యంతరం చిన్నది కాదు. మనిషి కేవలం పరిసరాల తయారీ సరుకే అయితే పాపం లేదు, పశ్చాత్తాపం లేదు, పునీతులూ లేరు. కూపో పక్కనే అదే పేటలో తాగని వాళ్లూ ఉన్నారు కదా!

అయినా జోలా చూసిన దానిలో నిజం ఉంది, దాన్ని శ్రీసభ కూడా వేరే దారిలో చేరుకుంది. 1891లో పదమూడవ లియో జగద్గురువులు కార్మికుల కూలి గురించి, వారి బతుకుల గురించి లేఖ రాశారు. 1987లో రెండవ జాన్ పాల్ జగద్గురువులు 'పాప నిర్మాణాలు' అనే మాట వాడారు. అజ్ఞానం, భయం, అలవాటు, సామాజిక పరిస్థితులు మనిషి బాధ్యతను తగ్గించగలవని 1992 నాటి సత్యోపదేశ గ్రంథం ఒప్పుకుంటుంది. తగ్గించగలవు అన్నారు, ప్రతిసారీ పూర్తిగా తుడిచేస్తాయి అనలేదు. తాగుబోతును చూసి వెంటనే తీర్పు చెప్పేవారు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదవాలి.

మన తెలుగులో ఈ కోవకు దగ్గరగా వచ్చినవారు డాక్టర్ కేశవరెడ్డి (1946-2015). చిత్తూరు జిల్లాలో పుట్టి, నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిలో చాలా ఏళ్లు వైద్యం చేశారు. రోగి పక్కన కూర్చున్న చేయి కనుకనే కాబోలు, ఆయన కలం కన్నీళ్లు కార్చదు. 'అతడు అడవిని జయించాడు'లో పేరు కూడా లేని ఒక ముసలివాడు, ఈనిన పందిని వెతుక్కుంటూ రాత్రివేళ అడవిలో పోరాడతాడు. 'మూగవాని పిల్లనగ్రోవి'లో రైతుకు భూమి పోతుంది, భూమితో పాటు మతీ పోతుంది.

జెర్వేజ్‌నూ ఈ ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి చూడండి. ముగ్గురూ ఒంటరివాళ్లు. పరిసరాలు మనిషిని మింగేసే కథల్లో చాలావాటిలో ఆ మనిషి పక్కన ఎవరూ ఉండరు. పక్కన మనుషులు చేరితే కథ ఎటు పోయేదో మన రాష్ట్రాల చరిత్రే చెబుతుంది. 1990 దశకం మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమపు వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఉండేది. భర్త తాగుడుకు బలైపోయిన ఇల్లాలి కథ అది. జోలా రాసినా అలాగే ముగించేవాడు. అయితే ఆ పాఠాన్ని దూబగుంట ఆడవాళ్లు రాత్రిబడిలో కలిసి చదివారు. చదివి, వర్ధినేని రోశమ్మ వంటివారు ముందు నడవగా సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధం వచ్చింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో సడలించారనుకోండి, అది వేరే కథ.

ఇక మన న్యాల్‌కల్ సంగతి. ఇక్కడ నల్లరేగడీ ఉంది, రాళ్లు తేలిన ఎర్ర మొరం నేలా ఉంది. దళితులకు, పేదలకు దక్కింది ఎక్కువగా రెండో రకమే. "నేలే అట్లాంటిది, మేమూ అట్లనే" అని ఎవరైనా అంటే కాదనడం కష్టం. విత్తువాని ఉపమానంలో రాతినేల మీద పడిన గింజ ఎండిపోతుంది, అది గింజ తప్పు కాదు. రాళ్లు ఏరే పని గురించి క్రీస్తునాథుడు అక్కడ చెప్పలేదు గాని, విన్నవాళ్లలో రైతులకు అది చెప్పనక్కరలేదు.

ఆ పని ఇక్కడ జరిగింది. 1983లో పస్తాపూర్ కేంద్రంగా మొదలైన డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ జహీరాబాద్, న్యాల్‌కల్, ఝరాసంగం, రాయికోడ్ ప్రాంతపు పల్లెల్లో దళిత స్త్రీలను సంఘాలుగా కూర్చింది. 1990ల మధ్యలో సుమారు ముప్పై గ్రామాలలో రెండున్నర వేల ఎకరాలకు పైగా పడావు భూమిని సంఘాలు సాగులోకి తెచ్చాయి. సాయం అందుకున్న రైతు అప్పును డబ్బుగా కాదు, జొన్నలుగా తీర్చాలి. ఆ జొన్నలను ఊళ్లోనే నిలవచేసి, కరువు నెలల్లో పేద ఇళ్లకు తక్కువ ధరకు కొలిచారు. ఎవరిల్లు పేదదో తేల్చింది ఆఫీసరు కాదు, ఊరి ఆడవాళ్లే. విత్తనాన్ని బూడిద, వేపాకు కలిపి గంపలలో దాచి, అడిగినవారికి ఇచ్చి, పంట వచ్చాక ఎక్కువ కొలిపించుకుంటారు. తడి పెట్టకుండా చలికాలపు మంచుకే పండే శనగ, కుసుమ, అవిసె వంటివాటిని వారు సత్యం పంటలు అంటారు. ఏ విమర్శకుడూ ఇంత మంచి పేరు పెట్టలేడు. 2008లో మాచ్‌నూర్‌లో సంగం రేడియో మొదలైంది. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ఇచ్చే ఈక్వేటర్ బహుమతి కూడా వీరికి దక్కింది. మొరం నేల రేగడిగా మారిపోలేదు. వర్షం కూడా పెరగలేదు. మారింది ఆ నేలకూ మనిషికీ నడుమ ఉన్న ఏర్పాటు.

ఇప్పుడు అదే నేల మీద కొత్త అధ్యాయం నడుస్తోంది. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాలలో జాతీయ పెట్టుబడి, ఉత్పత్తుల మండలి (నిమ్జ్) కోసం 12 వేల ఎకరాలకు పైగా సేకరించాలన్నది ప్రణాళిక. కొందరు భూమి ఇచ్చి పరిహారం తీసుకున్నారు. 2024లో డప్పూర్, మాల్గి, వడ్డి రైతులు ఔషధ పరిశ్రమలకు భూములు ఇవ్వబోమని నిరసన తెలిపారు. పరిశ్రమ వస్తే కొలువు వస్తుందనే తండ్రి ఆశను నేను తేలికగా తీసిపారేయను. పొలం అమ్మిన డబ్బు మోటారు సైకిలుగా, ఆపై సీసాగా మారడం కూడా మనకు తెలియనిది కాదు.

ఈ వారం కుటుంబ ప్రార్థన అయ్యాక, పెద్దపిల్లలను కూడా కూర్చోబెట్టుకుని ఒక పని చేయండి. భూమి ఇచ్చిన ఇంట్లో పదిహేనేళ్ల కుర్రవాడు ఉన్నాడనుకోండి. పదేళ్ల తరువాత అతని కథను జోలా రాస్తే ఏం రాస్తాడు? ఆ కథలో మీ ఇల్లు అతని పక్కిల్లు అయితే ఏ పుట మారుతుంది?