పిలవని ప్రకటనలు – సంఘం కంప్యూటరును శుభ్రపరచుకొనే విధానము

మన సంఘ కార్యాలయంలో ఉన్న కంప్యూటరు గుమాస్తా ఒక్కడిది కాదు, సభ్యులందరిదీ. పొదుపు నిధి పద్దు, నూలు జారీ, కూలి చెల్లింపు, జి.ఎస్.టి. లెక్క, బ్యాంకు పనులు అన్నీ దాని మీదనే నడుస్తున్నవి. అటువంటి యంత్రం మీద పద్దు రాస్తూ ఉండగా తెర కుడి మూల నుంచి జూదపు ఆటల ప్రకటన ఒకటి, "మీ కంప్యూటరుకు వైరస్ పట్టినది" అనే బెదిరింపు ఒకటి వచ్చి కూర్చుంటూ ఉంటే, చాలా చోట్ల గుణకారపు గుర్తు నొక్కి మూసివేసి పని సాగించుకొంటున్నారు. అది కేవలం చికాకు అనుకొనడం పొరపాటు. దానిని తీయడానికి ఒక వరుస ఉన్నది. అది లోపలికి వచ్చినది కూడా, చాలా సందర్భాలలో, మనం సరే అన్నందువల్లనే. ఈ రెండు సంగతులే ఈ వ్యాసంలో చెప్పదలచినది.

ఇటువంటి ప్రకటనలు చూపే ప్రోగ్రామును 'యాడ్‌వేర్' అంటారు. వైరస్ దొడ్డిదారిన వచ్చేది. యాడ్‌వేర్ మాత్రం వీధి గుమ్మంలో నిలబడి, మనచేత సరే అనిపించుకొని మరీ వస్తుంది. ఉచితంగా దొరికే ఏదో ఒక ప్రోగ్రాము వెంట దీనిని జతచేస్తారు. ఒక్కొక్క కంప్యూటరులో దించినందుకు ఇంత అని, జతచేసిన వానికి కమీషను ముడుతుంది. దళారి వ్యాపారం మనకు కొత్త కాదు గనుక దీనిని విప్పి చెప్పనక్కరలేదు. అమెరికాలో జాంగో అనే కంపెనీ ఈ విధంగా చెప్పీ చెప్పకుండా జనం కంప్యూటర్లలో ప్రకటనల ప్రోగ్రాములు దించుతున్నదని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అభియోగం తెచ్చింది. 2006లో ఆ కంపెనీ 30 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకొని రాజీ చేసుకొన్నది. అయినా ఆ వ్యాపారం ఆగలేదు. 2017లో 'ఫైర్‌బాల్' అనే మరొకటి బయటపడినది. అది బ్రౌజరు మొదటి పేజీని, వెదికే యంత్రాన్ని మార్చివేసి, మనం ఏది వెదికినా తన దారిన తిప్పుకొనేది. ప్రపంచంలో 25 కోట్ల కంప్యూటర్లలో, ఒక్క మన దేశంలోనే సుమారు 2.5 కోట్ల కంప్యూటర్లలో అది చేరినదని దానిని కనిపెట్టిన చెక్ పాయింట్ సంస్థ ప్రకటించింది. మైక్రోసాఫ్ట్ వారు ఆ అంకెలు ఎక్కువగా వేసినవే అన్నారు. అందులో సగానికి సగం కొట్టివేసినా మిగిలేది తక్కువ కాదు.

వెదికే యంత్రం మారితే మనకేమి నష్టమని కొందరు అడుగుతున్నారు. మన గుమాస్తాలు బ్యాంకు చిరునామా పూర్తిగా టైపు చేయరు. బ్యాంకు పేరు వేసి వెదికి, మొదట వచ్చినదాని మీద నొక్కుతారు. మొదట వచ్చేది ఏదో నిర్ణయించే అధికారం పరాయివాడి చేతిలో ఉన్నప్పుడు, అచ్చం బ్యాంకు పేజీ వలెనే ఉన్న మరొక పేజీ అక్కడ కనిపించవచ్చును. అందులో పేరు, రహస్యపదం వేసిన తరువాత పోయేది సంఘం డబ్బు, అంటే నేతగాని కూలి.

పేజీ మీద తాళం గుర్తు ఉన్నది గదా అని ధైర్యపడేవారికి లెనోవో లాప్‌టాప్‌ల సంగతి చెప్పవలెను. ఆ కంపెనీ 2014లో అమ్మిన కొన్ని లాప్‌టాప్‌లలో 'సూపర్‌ఫిష్' అనే ప్రకటనల ప్రోగ్రామును ముందే పెట్టి అమ్మినారు. తాళం ఉన్న పేజీలలో కూడా ప్రకటనలు చొప్పించడానికి అది తన సొంత ధ్రువపత్రం ఒకటి విండోసులో నాటుకొన్నది. అన్ని యంత్రాలకూ ఒకటే తాళపు చెవి! 2015 ఫిబ్రవరిలో ఆ చెవికి వేసిన రహస్యపదం బయటపడినది. అప్పటి నుంచి, అదే వైఫైలో కూర్చున్న ఎవడైనా ఆ యంత్రానికి తాను బ్యాంకునని నమ్మించగలిగే స్థితి వచ్చినది. తెర మీద తాళం గుర్తు మాత్రం చెక్కుచెదరకుండా కనిపిస్తూనే ఉండేది. మనకు పనికివచ్చే విషయం మరొకటి ఉన్నది. ఆ ప్రోగ్రామును తీసివేసినా ధ్రువపత్రం లోపలనే ఉండిపోయినది. దానిని కూడా తీయడానికి లెనోవో వారు వేరే సాధనం ఇవ్వవలసి వచ్చినది. ప్రకటన కనబడడం ఆగినంత మాత్రాన పని అయిపోయినదనుకొనరాదని ఇందుకే చెప్పడం.

ఇక శుభ్రపరచే వరుస. మొట్టమొదట పద్దుల నకలు ఒక పెన్‌డ్రైవులోనికి తీసి, దానిని యంత్రం నుంచి విడదీసి పెట్టుకొనవలెను. పని ముగిసే వరకు ఆ యంత్రం మీద బ్యాంకు, జి.ఎస్.టి. పేజీలు తెరవకూడదు.

తరువాత, ప్రకటన ఎక్కడ నుంచి వస్తున్నదో చూడవలెను. తెర కుడి వైపు అడుగు మూలన చిన్న చీటీ వలె వచ్చి, దాని మీద క్రోమ్ అనీ ఏదో వెబ్‌సైటు పేరూ ఉంటే, అది ప్రోగ్రాము కాదు. ఎవరో ఎప్పుడో 'అలౌ' అనే మాట మీద నొక్కి ఇచ్చిన అనుమతి. "మీరు రోబో కాదని రుజువు చేయడానికి అలౌ నొక్కండి" అని మోసపుచ్చుతారు. క్రోమ్ సెట్టింగులలో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ తెరిస్తే అనుమతి పొందిన సైట్ల పేర్లు వరుసగా కనిపిస్తవి. తెలియనివన్నీ తీసివేయవలెను. అక్కడనే, ఏ సైటూ నోటిఫికేషను అడగకుండా చేసే ఏర్పాటు కూడా ఉన్నది. సంఘం కంప్యూటరుకు అదే మేలు. నేను చూచిన ఫిర్యాదులలో ఎక్కువ భాగం ఇక్కడనే తీరిపోయినవి. వాటికోసం బజారులో కుర్రవాడిని పిలిచి, యంత్రం అంతా ఫార్మాట్ చేయించి, పద్దులు పోగొట్టుకొన్నవారు కూడా ఉన్నారు.

అక్కడ తీరకపోతే విండోసు సెట్టింగులలో యాప్స్ అనే చోటికి పోయి, ఉన్న ప్రోగ్రాములను దించిన తేదీ వరుసన పెట్టి చూడవలెను. ప్రకటనలు మొదలైన తేదీ గుమాస్తాకు జ్ఞాపకం ఉంటే పని సులువు. ఆ రోజున దిగినవి నాలుగు కనిపిస్తే, మనం కోరినది ఒకటి, తక్కినవి దాని చాటున వచ్చినవి. వాటిని అన్‌ఇన్‌స్టాల్ చేయవలెను. అప్పుడు కూడా అవి ఊరకనే పోవు. "ఉంచుకొంటారా" అనే బొత్తాము పెద్దదిగా, "తీసివేయి" అనేది మూలన కనిపించీ కనిపించకుండా ఉంటుంది. ప్రింటరు పేరు, ఇంటెల్ పేరు, మైక్రోసాఫ్ట్ పేరు ఉన్నవాటిని తెలియక తీయరాదు.

పిమ్మట బ్రౌజరులో ఎక్స్‌టెన్షన్స్ చూచి అక్కరలేనివి తీయవలెను. మొదటి పేజీ, వెదికే యంత్రం మారినవేమో చూడవలెను. తెర మీద ఉన్న క్రోమ్ బొమ్మ మీద కుడి బొత్తాము నొక్కి ప్రాపర్టీస్‌లో టార్గెట్ అనే వరుస చదవవలెను. అది క్రోమ్ డాట్ ఇ.ఎక్స్.ఇ. తో ముగియవలెను. దాని వెనుక ఏదైనా వెబ్‌సైటు చిరునామా అతికించి ఉంటే, బ్రౌజరు తెరిచిన ప్రతిసారీ అదే పేజీ వస్తుంది. పడుగులో ఒక్క పోగు తప్పుగా అతికితే నేసినంత పొడుగునా గీత పడినట్లే. అతికిన భాగం చెరిపివేస్తే చాలును.

ఇంత అయిన తరువాతనే పరీక్ష చేసే సాధనాల వంతు. విండోసుతో వచ్చిన డిఫెండర్ చేత పూర్తి పరీక్ష చేయించవలెను. విండోస్ సెక్యూరిటీలో యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్, అందులో రెప్యుటేషన్ బేస్‌డ్ ప్రొటెక్షన్ అనే చోట, అక్కరలేని ప్రోగ్రాములను ఆపే ఏర్పాటు ఉన్నది. అది తెరిచి ఉన్నదో లేదో చూడవలెను. మాల్‌వేర్‌బైట్స్ వారి యాడ్‌డబ్ల్యూక్లీనర్ కూడా ఉచితం. దానిని దించి స్థాపించనక్కరలేకుండానే నడపవచ్చును. మన ప్రభుత్వం 2017లో తెరిచిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం పేజీలో కూడా ఉచిత సాధనాలు ఉన్నవి. పాత పుస్తకాలలో క్రోమ్‌లోనే ఉండే శుభ్రపరచే సాధనం వాడమని రాసి ఉంటుంది. దానిని గూగుల్ వారు 2023లో తీసివేసినారు గనుక వెదకవద్దు.

అన్నీ చేసినా మరునాడు ఎక్స్‌టెన్షను తిరిగి వచ్చిందనుకోండి. అప్పుడు గుమాస్తా ఇంటి కంప్యూటరును అనుమానించవలెను. రెండు చోట్లా ఒకే గూగుల్ ఖాతాతో క్రోమ్‌లోనికి ప్రవేశిస్తే, అక్కడి ఎక్స్‌టెన్షన్లు ఇక్కడికి వాటంతట అవే నడిచివస్తవి. సంఘం యంత్రంలో సంఘం ఖాతా తప్ప ఇంటి ఖాతా ఉండకూడదు.

రాకుండా చూచుకొనడం గురించి. షోలాపురంలో మన పిల్లల చదువు చాలామందికి మరాఠీలో, బరంపురంలో ఒడియాలో, సేలంలో తమిళంలో. ఇంటిలో మాట తెలుగు. తెర మీద మాట మాత్రం ఇంగ్లీషు. చదవడం కష్టమై, ప్రతి మెట్టులోనూ 'నెక్స్ట్' అనేదానిని నొక్కుకొంటూ పోతాము. ఆ వ్యాపారం అంతా ఈ అలవాటు మీదనే బతుకుతున్నది. గనుక ప్రతి గుమాస్తాకూ ఐదారు మాటలు నేర్పితే చాలును. 'రికమెండెడ్' లేక 'ఎక్స్‌ప్రెస్' అని ఉంటే వాళ్లు ఇచ్చినదంతా తీసుకొనడం అన్నమాట. 'కస్టమ్' లేక 'అడ్వాన్స్‌డ్' ఎంచుకొంటే లోపల ఏమేమి ఉన్నవో కనిపిస్తవి. టిక్కు పెట్టి ఉన్న చిన్న గడులను చూచి అక్కరలేనివి తీయవచ్చును. 'ఆఫర్' అనే మాట కనిపిస్తే అది మనం కోరినది కాదు, వాడు అంటగట్టేది. అక్కడ 'డిక్లైన్' లేక 'స్కిప్' నొక్కవలెను. 'యాక్సెప్ట్' నొక్కరాదు. 'డిక్లైన్' అన్నంత మాత్రాన మనం కోరిన ప్రోగ్రాము రాదేమోనని కొందరు భయపడతారు. తప్పక వస్తుంది. నూలు మూట విప్పకుండా, చీటీ మీద నంబరు చూచి ఏ సంఘమూ జమకట్టుకొనదు గదా!

మనవారికి ఎర వేసేవి మూడు. మొదటిది తెలుగు అక్షరాల ఫాంట్లు. ఫాంటు ఫైలు పేరు చివర టి.టి.ఎఫ్. అని గాని ఓ.టి.ఎఫ్. అని గాని ఉంటుంది. ఫాంటు అని చెప్పి ఇ.ఎక్స్.ఇ. ఇస్తే అది ఫాంటు కాదు. విండోసు ఈ చివరి అక్షరాలను మామూలుగా దాచి ఉంచుతుంది. ఫోల్డరులో వ్యూ, అందులో షో, అందులో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ నొక్కితే కనిపిస్తవి. గిడుగు, గురజాడ, మండలి, రామభద్ర మొదలైన మంచి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగానే ఉన్నవి. మరొక చోట దేవులాడవలసిన పని లేదు.

రెండవది జాకార్డు, డాబీ డిజైన్లు వేసే ప్రోగ్రాముల దొంగ ప్రతులు. ధర ఎక్కువన్నది నిజమే. కాని దొంగ ప్రతి నడవాలంటే ముందు డిఫెండరును ఆపమంటారు. కాపలాదారుని ఇంటికి పంపి తలుపు తీయమనేవానిని ఏమనుకొనవలెనో మీకే తెలుసును. కొనలేని సంఘాలు పక్క సంఘంతో కలిసి ఒక ప్రతి కొనే ఏర్పాటు గురించి అమ్మేవారితోనే మాట్లాడుకొనవలెను.

మూడవది "ఫ్లాష్ ప్లేయరు పాతబడినది, కొత్తది దించుకొనండి" అనే పిలుపు. అడోబీ కంపెనీ 2020 డిసెంబరు 31తోనే ఫ్లాష్‌కు స్వస్తి చెప్పినది. కొత్త ఫ్లాష్ అనేది లేదు. అడిగినవాడెవడైనా మోసగాడే.

యంత్రంలో రెండు ఖాతాలు పెట్టవలెను. రోజువారీ పనికి మామూలు ఖాతా, ప్రోగ్రాములు దించడానికి అధికార ఖాతా. రెండవదాని రహస్యపదం కార్యదర్శి దగ్గర ఉండవలెను. గుమాస్తాకు ఇందువల్ల కోపం రావచ్చును. బీరువా తాళాలు ఇద్దరి దగ్గర ఉండడం అనుమానం వల్ల కాదని నెమ్మదిగా చెప్పవలెను. దీనితో అన్నీ ఆగవు. ఎక్స్‌టెన్షన్లు, నోటిఫికేషన్లు మామూలు ఖాతాలోనూ దూరుతవి. పెద్దవి చాలావరకు ఆగుతవి. విండోస్ 10 వాడే సంఘాలు మరొక సంగతి గమనించవలెను. దానికి మామూలుగా వచ్చే రక్షణ సవరణలు 2025 అక్టోబరు 14తో ఆగిపోయినవి. బ్యాంకు పనికి ఉపయోగించే యంత్రం వరకైనా మార్పు గురించి పాలకవర్గం ముందు పెట్టవలెను.

శుభ్రపరచిన తరువాత బ్యాంకు, జి.ఎస్.టి., ఈమెయిలు రహస్యపదాలన్నీ మార్చవలెను. ఈ మార్పు వేరే శుభ్రమైన యంత్రం నుంచి గాని ఫోను నుంచి గాని చేయవలెను. "వైరస్ పట్టినది, ఈ నంబరుకు ఫోను చేయండి" అని తెర నిండా వస్తే ఆ నంబరుకు చేయనే కూడదు. తెర మూయడానికి వీలుకాకపోతే యంత్రాన్ని ఆపివేయవలెను. ఒకవేళ డబ్బు పోయినదే అయితే పాలకవర్గం సమావేశం కోసం ఆగకుండా వెంటనే 1930 నంబరుకు ఫోను చేయవలెను. ఆ సొమ్ము మరొక ఖాతాకు దాటకముందే చెప్పగలిగితే నిలుపుదల చేయించే అవకాశం ఉన్నది. బ్యాంకుకు కూడా అదే గంటలో తెలిపి, ఫిర్యాదు సంఖ్య మినిట్సు పుస్తకంలో రాసి ఉంచవలెను.