ఉబ్బసం – శ్వాసనాళాలలో వచ్చే మార్పులు: పట్టు రైతులకు సూచనలు



మీలో చాలామందికి సోలాపూర్‌లో బంధువులున్నారు. తెలంగాణ జిల్లాల నుండి తరాల క్రితం వెళ్ళిన పద్మశాలీలు ఆ పట్టణపు తూర్పు పేటలలో చద్దర్లు, టవళ్ళు నేస్తున్నారు. మరమగ్గం, వంటిల్లు ఒకే కప్పు కింద ఉన్న ఒక ఇంట్లో పెద్దాయన నాతో ఇలా అన్నారు: "మొదట్ల పంపు పీలిస్తే నిమిషాల్ల ఊపిరి ఆడేది సారూ, ఇప్పుడు పీల్చినా సగమే ఆడుతది." మందు నకిలీదని ఆయన అనుమానం. మందు బాగానే ఉంది. ఆయన శ్వాసనాళాలే మారిపోయాయి.

ఆయాసం వచ్చినపుడు నాళం చుట్టూ ఉన్న కండరం బిగుస్తుంది, లోపలి పొర వాస్తుంది, తెమడ చేరుతుంది. పంపు మందుతో కండరం వదులవుతుంది. కాని వాపు ఏళ్ళ తరబడి నిలిచి ఉంటే కొందరిలో లోపలి పొర కింద మచ్చవంటి గట్టి పదార్థం పేరుకుంటుంది. కండరం దళసరి అవుతుంది, తెమడ ఊరించే కణాలు పెరుగుతాయి. గోడ మందమై దారి ఇరుకవుతుంది. ఉబ్బసంతో మరణించినవారి నాళాలను కొలిచి హ్యూబర్, కోస్లర్ అను వైద్యులు 1922లోనే ఈ సంగతి తెలిపారు. డ్రిప్ పైపును కాలితో తొక్కితే నీరు ఆగుతుంది, కాలు తీస్తే పారుతుంది. లోపల ఉప్పు పేరుకుంటే కాలు తీసినా పారదు. పైపును ఆసిడ్‌తో కడగవచ్చు, ఛాతీకి ఆ సౌకర్యం లేదు.

నేతవారికి నూలు నుసి ఎలాగో మనకు చిలుకల రెక్కల పొడి, గూళ్ళ పై నూగు, ఎండిన లద్దె దుమ్ము అలాగే. ఫార్మలిన్, బ్లీచింగ్ ఆవిరి కూడా ఛాతీని పట్టేస్తాయి. తడిగుడ్డ దుమ్మును కొంత ఆపుతుంది గాని ఆవిరిని ఆపదు. ఉబ్బసం ఉన్నవారితో గది శుద్ధి, చంద్రికలు దులపడం చేయించరాదు.

పంట ఉన్న రోజులలో దగ్గు, పిల్లికూతలు ఎక్కువై, పంట తీసిన తరువాత తగ్గుతున్నాయా? ఈ ముక్క డాక్టరుగారికి తప్పక చెప్పండి. గొట్టంలోకి ఊదే స్పైరోమెట్రీ పరీక్ష చేయించమని అడగండి. వాపును తగ్గించేది పీల్చే స్టిరాయిడ్ మందు. ఉపశమనపు పంపు ఒక్కదానితోనే నెట్టుకురావద్దని 2019 నుండి అంతర్జాతీయ గినా మార్గదర్శకాలు చెబుతున్నాయి. పంపు అలవాటైపోతుందనే భయం వద్దు. ఆయాసం తగ్గింది కదా అని డాక్టరును అడగకుండా మందు ఆపవద్దు, ఎందుకంటే పైకి ఏమీ తెలియకపోయినా లోపల వాపు ఉండవచ్చు.